జ్వరం నీళ్ల వల్ల రాదు: ఒక గొర్ల కాపరి నడుము నొప్పి కేసు

46 ఏళ్ల గొర్ల కాపరి. ఊరు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. నడుము నొప్పి, వచ్చిపోయే జ్వరం, రాత్రిపూట చెమటలు. ఇవి మొదలైన మూడు నెలలకు, ఏప్రిల్‌లో నా దగ్గరికి వచ్చాడు. అసలు జబ్బేమిటో నాకు తెలిసింది జూలైలో. మధ్యలో ఆ మూడు నెలలూ నేను ఆయనకు వేరే జబ్బుకు మందులిచ్చాను. ఆ మందుల్లో ఒకటి అసలు జబ్బు మీద కూడా కొంత పనిచేయడంతో నా పొరపాటు నాకు చాలా రోజులు కనపడలేదు. ఈ జిల్లాలో ఓపీ చూసే తోటి డాక్టర్లకు, పీహెచ్‌సీ సిబ్బందికి, జీవాలను నమ్ముకుని బతికే కుటుంబాలకు పనికొస్తుందని కేసు మొత్తం రాస్తున్నాను. ఆ కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

సంక్రాంతి దాటిన వారానికి మొదట చలిజ్వరం వచ్చింది. ఊళ్లో ఆర్ఎంపీ రెండు ఇంజెక్షన్లు చేసి నాలుగు రోజులకు మాత్రలిచ్చాడు. తగ్గింది. పది రోజులకు మళ్లీ వచ్చింది. ఈసారి విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు, వారం రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించారు. మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది. ఫిబ్రవరి నుంచి నడుము పట్టేసింది. మంచం మీంచి లేవాలంటే పక్కకు దొర్లి, చేత్తో గోడ పట్టుకుని లేస్తున్నాడు.

నడుము గురించి ఆయనకు పెద్ద బెంగ లేదు. "మా ఊర్ల అందరి నడుములు గిట్లనే ఉంటయి సార్. నీళ్లల్ల ఫ్లోరిన్ గదా" అన్నాడు.

నల్లగొండలో ఈ మాటను కొట్టిపారేయలేం. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు, దేవరకొండ వైపు బోర్ల నీళ్లలో అది ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని దేశదేశాల్లో నల్లగొండ టెక్నిక్ అనే పిలుస్తారు. మన ఊరికి అలాంటి పేరు వచ్చిందంటే ఎంత నొప్పి భరిస్తే వచ్చిందో ఇక్కడ పుట్టిన వాళ్లకు తెలుసు. ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. కానీ 46 ఏళ్ల మనిషి చిన్నప్పుడు తాగింది బోరు నీళ్లే. ఎముకలో చేరింది ఎముకలోనే ఉంటుంది. ఆయన ముంజేతి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి తెల్లటి గీతలా కనిపించింది. వెన్నుపూసలు మామూలు కంటే తెల్లగా, దట్టంగా ఉన్నాయి. అంటే ఫ్లోరోసిస్ ఉన్న మాట నిజం. అప్పటికే ఎవరో ఎముకల బలానికని కాల్షియం మాత్రలు రాసిస్తే రోజూ వేసుకుంటున్నాడు. ఈ కాల్షియం సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

కానీ ఫ్లోరోసిస్‌కు జ్వరం రాదు. పక్క తడిసేలా చెమట పట్టదు. మూడు నెలల్లో మనిషి 58 కిలోల నుంచి 51కి దిగిపోడు. ఇంత వరకు నేను సరిగ్గానే ఆలోచించాను.

పరీక్షలో జ్వరం 100.8. నడుము కింది భాగంలో వేలితో తడితే గట్టిగా నొప్పి. కాళ్లలో బలం, స్పర్శ బాగానే ఉన్నాయి. ప్లీహం అంచు చేతికి తగిలింది. హిమోగ్లోబిన్ 10.2. తెల్లకణాలు 5,100, అందులో లింఫోసైట్లు 52 శాతం. ఒంట్లో వాపును చూపించే ఈఎస్ఆర్ 68. లివర్ ఎంజైములు కొద్దిగా పెరిగాయి. షుగర్ లేదు, హెచ్ఐవీ లేదు. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఎంఆర్ఐలో నాలుగు, ఐదు నడుము పూసల మధ్య డిస్క్, దానికి అటూ ఇటూ ఎముక అంచులు వాచి ఉన్నాయి, పక్కన చిన్న చీముగడ్డ.

వెన్నులో ఇన్ఫెక్షన్, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం. మన దేశంలో ఈ మూడూ కలిస్తే ముందు తట్టేది టీబీ, ఎక్కువసార్లు అదే నిజమవుతుంది. సీటీ చూస్తూ సూదితో ముక్క తీయించాలి, హైదరాబాద్ వెళ్లమన్నాను. "గొర్లను ఇడిసిపెట్టి యాడికి పోను సార్" అన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ముక్క తీయించకుండానే టీబీ మందులు మొదలుపెట్టాను.

గొర్ల మాట ఆయన నోటి నుంచే వచ్చింది. నేను దాన్ని వినలేదు. కేస్ షీట్‌లో వృత్తి అన్న గడిలో "వ్యవసాయం" అని ఉంది. మా దగ్గర ఊళ్ల నుంచి వచ్చే అందరికీ కౌంటర్‌లో అదే రాస్తారు.

మూడు వారాల్లో జ్వరం పోయింది. ఆకలి వేసింది, రెండు కిలోలు పెరిగాడు. నేను సంతోషపడ్డాను. రెండు నెలలయ్యాక పద్ధతి ప్రకారం ఒక మందు తీసేసి మిగతా మూడూ కొనసాగించాం. జూన్ చివరికి నడుము మళ్లీ పట్టేసింది. జూలై మొదటి వారంలో 101 జ్వరంతో వచ్చాడు. ఇంకో కొత్త బాధ చెప్పడానికి సిగ్గుపడి, భార్యను బయటికి పంపించి చెప్పాడు. కుడి వృషణం వాచి, ముట్టుకుంటే నొప్పి.

మందులకు లొంగని టీబీ ఏమోనని భయపడ్డాను. ఈసారి పట్టుబట్టి హైదరాబాద్ పంపాను. పూస నుంచి తీసిన ముక్కలో సీబీనాట్ పరీక్షకు టీబీ క్రిమి దొరకలేదు. మైక్రోస్కోప్ కింద చిన్నచిన్న గ్రాన్యులోమాలు, అంటే రక్షణ కణాలు గుమిగూడిన ముద్దలు, ఉన్నాయి గానీ టీబీలో వాటి మధ్యలో కనిపించే కుళ్లిన భాగం లేదు. ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని, కుర్చీ ఆయన పక్కకు లాక్కుని కూర్చున్నాను.

"అన్నా, గొర్లు ఎన్ని ఉన్నయి నీకు?"

"ముప్పై ఎనిమిది సార్. పోయినేడు యాభైకి ఎక్కువనే ఉండె."

"మరి ఏమైనయి?"

"దీపావళి కాడ సూడి గొర్లు వరసవెట్టి ఈసుకపోయినయి. తొమ్మిది. అండ్ల మూడింటిని సంతల అమ్మిన." ఈసుకపోవడమంటే నెలలు నిండకముందే పిల్లను పడేయడం.

"ఆ పిల్లలను, మాయను ఎవరు తీసిన్రు?"

"నేనే. ఇంకెవరు తీస్తరు?"

ఎలా తీస్తావో చూపించమన్నాను. కుడి చేతి అంగీ మోచేయి పైదాకా మడిచాడు. వేళ్లు దగ్గరికి చేర్చి మొగ్గలా పట్టాడు, గాలిలోనే మెల్లగా లోపలికి తోసి, మణికట్టు తిప్పి, రెండు కాళ్లు దొరికినట్టు పట్టుకుని కిందికి లాగాడు. పిల్ల కదలకపోతే దాని ముక్కు దగ్గర నోరు పెట్టి ఎలా ఊదుతాడో కూడా చూపించాడు. చేయి దేనితో కడుక్కుంటావంటే పంచెకు తుడుచుకున్నట్టు చూపించాడు. గోళ్ల మొదట్లో, బొటనవేలి పక్కన నిలువుగా పగుళ్లు. కొన్ని లోపల ఎర్రగా తడిగా ఉన్నాయి. ఏప్రిల్‌లో కూడా ఆ చేతి నాడి నేనే చూశాను.

ఆ క్షణానికి జబ్బు పేరు నాకు తెలిసిపోయింది. బ్రూసెల్లోసిస్.

దీనికి కారణం బ్రూసెల్లా అనే చాలా చిన్న బ్యాక్టీరియా. మైక్రోస్కోప్ కింద సన్నటి ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. 1887లో మాల్టా ద్వీపంలో చనిపోయిన సైనికుల ప్లీహంలో డేవిడ్ బ్రూస్ అనే మిలిటరీ డాక్టర్ దీన్ని కనిపెట్టాడు. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలియడానికి ఇంకా 18 ఏళ్లు పట్టింది. 1905లో థెమిస్టోక్లిస్ జమ్మిత్ అక్కడి మేకల్లో ఈ క్రిమి ఉందని చూపించాడు. పైకి ఏ జబ్బూ లేనట్టు కనిపించే మేకలు పాలలో క్రిమిని వదులుతున్నాయి. సైనికులకు ఆ పాలు ఆపేయగానే కేసులు ఒక్కసారిగా పడిపోయాయి.

బ్రూసెల్లా జాతుల్లో గొర్రెలు, మేకల్లో ఉండే మెలిటెన్సిస్ మనుషులను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. ఆవులు, బర్రెల్లో ఎక్కువగా ఉండేది అబార్టస్. ఈ జీవాల మాయలో ఎరిత్రిటాల్ అనే ఒక తియ్యటి పదార్థం ఉంటుంది. బ్రూసెల్లాకు అదంటే ప్రాణం. అందుకే చూడి గొర్రె మాయలో కోట్లకు కోట్లు పెరిగి, నెలలు నిండకముందే పిల్లను పడేస్తుంది. ఆ మాయలో, ఉమ్మనీటిలో ఉన్నంత క్రిమి ఇంకెక్కడా ఉండదు. కాపరి చేతి పగుళ్ల నుంచి, నోటి నుంచి, ముక్కు నుంచి, కంటి తడి నుంచి కూడా ఒంట్లోకి పోగలదు. నీడలో, తేమ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఎండకు మాత్రం త్వరగా చస్తుంది.

మనిషి ఒంట్లోకి వచ్చాక దాని తెలివి చూడాలి. క్రిముల్ని మింగి చంపాల్సిన రక్షణ కణం దీన్ని కూడా మింగుతుంది. ఇది చావకుండా ఆ కణం లోపలే కాపురం పెట్టి పిల్లల్ని కంటుంది. ఆ కణాలతో పాటే కాలేయానికి, ప్లీహానికి, మూలుగకు, వెన్నుకు, వృషణాలకు చేరుతుంది. జ్వరం అలలా వచ్చి పోవడం, మధ్యలో మనిషి బాగున్నట్టే కనిపించడం ఇందుకే. ఒక మందుతో, వారం పది రోజుల కోర్సుతో ఇది పోకపోవడం కూడా ఇందుకే. టీబీ కోర్సులో ఉన్న రిఫాంపిసిన్ ఆ కణం లోపలికి వెళ్లి బ్రూసెల్లాను అణచగలదు. మిగతా టీబీ మందులు దాన్ని ఏమీ చేయలేవు. మూడు వారాల్లో జ్వరం తగ్గింది ఆ ఒక్క మందు వల్ల. నేను దాన్ని టీబీ తగ్గుతోందని అనుకున్నాను.

రక్తం కల్చర్‌కు పంపేముందు ల్యాబ్‌కు ఫోన్ చేసి బ్రూసెల్లా అనుమానం అని చెప్పాను. ఇది తప్పనిసరి. ల్యాబ్ సిబ్బందికి అంటుకునే బ్యాక్టీరియాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. గాలిలో పదో వందో క్రిములు పీల్చినా చాలు. చెప్పకుండా పంపితే అక్కడి పిల్లలు మామూలు బల్ల మీదే ప్లేట్ మూత తీసి వాసన చూస్తారు. మామూలు కల్చర్‌లా ఐదు రోజులకే పారేయకుండా ఎక్కువ రోజులు ఉంచమని కూడా అడిగాను. 21 రోజులు చూసినా ఏమీ పెరగలేదు. అప్పటికి మూడు నెలలుగా రిఫాంపిసిన్ వాడుతున్న మనిషి రక్తంలో పెరగకపోవడం వింతేమీ కాదు.

రెండో పరీక్ష ట్యూబ్ అగ్లూటినేషన్. రోగి సీరంను పలుచన చేసుకుంటూ, చంపిన బ్రూసెల్లాతో కలిపి, ఎంత పలుచన వరకు గడ్డకడుతుందో చూస్తారు. 1:160, ఆపైన ఉంటే, లక్షణాలు కూడా ఉంటే, జబ్బు ఉన్నట్టే. నాకు వచ్చిన రిపోర్టు నెగటివ్. నేను నమ్మలేకపోయాను. ఫోన్ చేసి ఎంత వరకు పలుచన చేశారని అడిగితే 1:80 దాకా చేశామన్నారు. యాంటీబాడీలు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు మొదటి ట్యూబుల్లో గడ్డకట్టదు. దీన్ని ప్రోజోన్ అంటారు. ఒక్కో క్రిమికి చుట్టూ యాంటీబాడీలు కిక్కిరిసిపోతే, రెండు క్రిముల్ని కలిపి పట్టుకునే చోటే మిగలదు. ఇంకా పలుచన చేయమని బతిమాలాను. మర్నాడు సాయంత్రం ఫోన్ వచ్చింది. 1:160 నుంచి గడ్డకట్టడం మొదలై 1:1280 దాకా పాజిటివ్. ముదిరిన జబ్బును చూపించే 2-ఎంఈ పరీక్ష 1:640. బ్రూసెల్లా అనుమానం ఉండి రిపోర్టు నెగటివ్ వస్తే ఎంత దాకా పలుచన చేశారో తప్పకుండా అడగండి. ఆ ఒక్క ఫోన్ చేయకపోతే ఈ కేసు మళ్లీ టీబీ దారిలోనే పోయేది.

ఎంఆర్ఐ మళ్లీ ముందు పెట్టుకుని చూశాను. టీబీ ఎక్కువగా వీపు మధ్యలోనో, వీపు నడుము కలిసే చోటో పడుతుంది, పూసను కూల్చేసి గూని తెస్తుంది, పక్కన పెద్ద చీముగడ్డలు కడుతుంది. బ్రూసెల్లాకు ఇష్టమైన చోటు నడుము కింది పూసలు. పూస ఆకారం చాలావరకు నిలబడే ఉంటుంది, గడ్డ ఉన్నా చిన్నదే. ఈయన ఫిల్ములో అన్నీ ఇలాగే ఉన్నాయి. తెల్లకణాలు పెరగకపోవడం, లింఫోసైట్లు ఎక్కువుండటం కూడా దీనికే సరిపోతాయి. ఏప్రిల్‌లోనూ అవే ఫిల్ములు, అవే అంకెలు. ఆయన పక్కన ఉన్న గొర్లే అప్పుడు నాకు కనపడలేదు.

గుండె ఎకో చేయించాం. ఈ జబ్బులో చావు వస్తే ఎక్కువగా గుండె కవాటాల వల్లే వస్తుంది. ఆయన కవాటాలు బాగున్నాయి. టీబీ మందులు ఆపేసి డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, రిఫాంపిసిన్ 600 పొద్దున, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ రోజూ ఒక గ్రాము చొప్పున 21 రోజులు మొదలుపెట్టాం. మామూలు బ్రూసెల్లోసిస్‌కు ఆరు వారాలు చాలు. వెన్నుకు చేరింది కాబట్టి మాత్రలు పన్నెండు వారాలు ఇచ్చాం. రిఫాంపిసిన్ రక్తంలో డాక్సీసైక్లిన్ మోతాదును తగ్గిస్తుంది. వెన్నులో జబ్బు ఉన్నప్పుడు మొదట్లో ఇంజెక్షన్ కూడా ఉండాలని నేను గట్టిగా అనుకోవడానికి అదొక కారణం. ఆ ఇంజెక్షన్ కిడ్నీలకు, చెవులకు హాని చేయగలదు కాబట్టి వారం వారం క్రియాటినిన్ చూశాం, చెవిలో హోరు గానీ తల తిరగడం గానీ ఉందా అని అడిగాం. ఇంజెక్షన్ కోసం ఆయన నల్లగొండ దాకా రానక్కర్లేకుండా దగ్గరి పీహెచ్‌సీలో సిస్టర్ 21 రోజులూ చేసింది. ఆదివారం కూడా మానలేదు.

ఇక కాల్షియం సంగతి. డాక్సీసైక్లిన్ కడుపులో కాల్షియంతో అతుక్కుపోతే ఒంటికి పట్టదు. ఈయన రెండూ కలిపి పొద్దున్నే టీ తాగాక వేసుకుంటున్నాడని రెండో వారం భార్య చెప్పింది. కాల్షియం ఆపేయించాను. మాత్ర వేసుకోగానే పడుకుంటే గొంతులో, ఆహారనాళంలో పుండు పడుతుంది కాబట్టి గ్లాసు నిండా నీళ్లతో, కూర్చుని వేసుకోమన్నాను. ఈ మందు వాడేటప్పుడు ఎండకు చర్మం మాడుతుంది. రోజంతా బీడు భూముల్లో తిరిగే మనిషికి నీడలో ఉండమని చెప్పి లాభం లేదు. తలకు రుమాలు, నిండు చేతుల అంగీ, మధ్యాహ్నం గొంగడి కప్పుకోవడం. వీటితో నెట్టుకొచ్చాడు.

ఐదో రోజుకు జ్వరం పోయింది. రెండు వారాల్లో వృషణం వాపు తగ్గింది. నడుము రెండు నెలలు తీసుకుంది. ఆరో నెల ఎంఆర్ఐలో వాపు, గడ్డ లేవు. టైటర్, అంటే ఆ ట్యూబ్ పరీక్ష అంకె, 1:160కి దిగింది. ఏడాదికి 1:80. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే తిరగబెడుతుంది కాబట్టి అప్పటిదాకా ఆయన్ను వదలలేదు. ఫ్లోరోసిస్ బిగుతు మాత్రం అలాగే ఉంది, అది పోదు. కానీ పక్కకు దొర్లకుండా లేస్తున్నాడు.

ఇంట్లో అందరికీ పరీక్ష చేశాం. భార్యకు నెలల తరబడి కీళ్ల నొప్పులు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం. ఆమె ఎవరికీ చెప్పలేదు. "ఆయనకే బాగలేకపాయె, నాది ఏం జెప్పను" అంది. టైటర్ 1:640. దొడ్డి ఊడ్చేది, పడిపోయిన పిల్లల్ని ఎత్తి పారేసేది, మేకల పాలు పితికేది ఆమే. ఆరు వారాల డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్‌తో తేరుకుంది. ఐదో నెల గర్భంతో ఉన్న కోడలికి నెగటివ్ వచ్చింది. ఆ వార్త విన్నాక గానీ నాకు టెన్షన్ తగ్గలేదు. ఈ క్రిమి గర్భిణికి కూడా గర్భం పోయేలా చేయగలదు, పైగా గర్భంలో డాక్సీసైక్లిన్ ఇవ్వడానికి వీల్లేదు. కాన్పు అయ్యేదాకా దొడ్డి వైపు పోవద్దని చెప్పాం. గుమ్మపాలు మానేయమన్నాం. మేకపాలు పచ్చివి తాగితే బలమని పిల్లలకు పట్టించే అలవాటు ఉంది, పొంగు వచ్చేదాకా కాచాకే ఇవ్వాలి. ఉడికిన మాంసంతో ఏ భయమూ లేదు, ఆ మాట ఊళ్లో గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

మండల పశువైద్యుడు వచ్చి మొత్తం 38 గొర్ల రక్తం తీశారు. 11 పాజిటివ్. జీవాలకు దీనికి మందు ఇవ్వరు, మంద నుంచి వేరు చేసి తీసేయాల్సిందే. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమంలో 4 నుంచి 8 నెలల ఆవు, బర్రె పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా వేస్తున్నారు. ఆ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా గొర్లకు లేదు. తెలంగాణలో 2017 నుంచి గొల్ల కురుమ కుటుంబాలకు 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్లు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చాక ఊరూరా మందలు పెరిగాయి. ఇన్ని మందలున్న చోట గొర్ల టీకా గురించి ఎవరూ గట్టిగా అడగకపోవడం నాకు బాధగా ఉంది. ఈసారి ఏ గొర్రె ఈసుకుపోయినా చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని తీస్తున్నాడు. పిల్లను, మాయను కుక్కలు పీక్కుపోకుండా లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడుస్తున్నాడు.

మా ఓపీ షీట్‌లో వృత్తి గడి కింద ఇప్పుడు రెండు ప్రశ్నలు చేర్చాం. ఇంట్లో జీవాలున్నాయా? ఈ ఏడు ఏవైనా ఈసుకుపోయాయా?

సంతలో అమ్మిన ఆ మూడు గొర్ల గురించి నేను అడిగినప్పుడు ఆయన తల దించుకున్నాడు. తప్పు ఆయనది కాదని, అప్పటికి ఎవరూ ఆయనకు చెప్పలేదని అన్నాను. రెండు వారాలు వరసగా సంతకు వెళ్లి వెతికాడు. ఒకటి కొన్నతను దొరికాడు, దాన్ని అప్పటికే కోతకు అమ్మేశాడట. మిగతా రెండూ ఏ మందలో కలిశాయో ఇంకా తెలియలేదు.